రూజ్‌వెల్ట్‌ను నిలబెట్టిన గోరువెచ్చటి నీళ్లు

మోకాళ్లు పట్టేశాయంటే చాలు, మన ఇళ్లలో ముందు నీళ్లు కాచేస్తాం. ఒకప్పుడు పొయ్యి మీద కాగు, ఇప్పుడు గీజర్ స్విచ్.. అంతే తేడా! బకెట్‌లో గుప్పెడు ఉప్పు వేసుకుని కాళ్లు పెట్టుకు కూర్చోవటం, తువ్వాలు ముంచి పిండి నడుముకు కాపడం పెట్టటం.. ఇవన్నీ మీకు తెలిసినవే. కాసేపు హాయిగా ఉంటుంది. గంటో రెండు గంటలో గడిచేసరికి నొప్పి మళ్లీ పలకరిస్తుంది. దాంతో కొందరు ‘రోజూ పెడుతుంటే ఎప్పటికైనా పూర్తిగా పోతుందిలే’ అని ఆశ పెట్టుకుంటారు. మరికొందరు ‘దీనివల్ల ఒరిగేదేం లేదు’ అని మానేస్తారు. నిజానికి ఈ రెండూ పొరపాటే. వేడినీళ్లు ఏం చెయ్యగలవు, ఏం చెయ్యలేవు అన్నది అర్థం కావాలంటే మీరు ఒక మనిషి జీవితాన్ని తెలుసుకోవాలి. ఆయన గోరువెచ్చటి నీళ్ల కోసం తన ఆస్తిలో పెద్ద భాగాన్ని ఖర్చు పెట్టేశాడు. ఆ నీళ్లు ఆయన కోరుకున్నది ఇవ్వలేదు. కానీ ఆయన ఊహించనిది ఇచ్చాయి.

ఆయనే అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చర్చిల్, స్టాలిన్‌ల పక్కన కూర్చున్న ఫొటోల్లో మీరు ఆయన్ను చూసే ఉంటారు. చాలా ఫొటోల్లో ఆయన కూర్చునే ఎందుకు ఉంటాడో ఎప్పుడైనా ఆలోచించారా?

ఒక్క రాత్రిలో తలకిందులు

రూజ్‌వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో పుట్టాడు. కలిగిన కుటుంబం. ఒక్కగానొక్క కొడుకు కావటంతో తల్లి శారా ఎంతో అపురూపంగా పెంచింది. 28 ఏళ్లకే రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు. నౌకాదళ వ్యవహారాల్లో సహాయ మంత్రి స్థాయి పదవిలో ఏడేళ్లు పనిచేశాడు. 1920లో డెమొక్రటిక్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడినా, దేశమంతా ఆయన పేరు మాత్రం తెలిసింది. ఆరడుగులు దాటిన మనిషి. ఈత, గోల్ఫ్, పడవ నడపటం.. దేనికీ వెనకాడేవాడు కాదు.

1921 ఆగస్టులో సెలవులు గడపటానికి కుటుంబంతో కలిసి కెనడాలోని కాంపొబెల్లో దీవికి వెళ్లాడు. ఆగస్టు 10న పిల్లలతో కలిసి పడవ మీద తిరుగుతుంటే ఒడ్డున ఒకచోట అడవి తగలబడటం కనిపించింది. అందరూ దిగి ఆ మంటలు ఆర్పారు. ఆ తర్వాత ఈత కొట్టి, చల్లటి సముద్రంలో మునిగి, ఇంటికొచ్చి తడి బట్టలతోనే కూర్చుని ఉత్తరాలు చూసుకున్నాడు. ఇంతలో ఒంట్లో వణుకు మొదలైంది. భోజనం కూడా చెయ్యకుండా పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి ఎడమ కాలు పట్టు తప్పింది. జ్వరం. ఆ మర్నాటికి రెండు కాళ్లూ కదల్లేదు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు.

చన్నీళ్లలో మునగటం వల్లే ఇలా అయ్యిందని అనుకుంటున్నారా? కాదు. చలి పక్షవాతాన్ని తేదు. వైరస్ అంతకు ముందే ఒంట్లో చేరి ఉంటుంది.

మొదట చూసిన పేరున్న సర్జన్ వెన్నులో రక్తం గడ్డకట్టిందని పొరబడ్డాడు. కాళ్లను గట్టిగా మర్దనా చెయ్యమన్నాడు. దుప్పటి తగిలినా భరించలేనంత నొప్పిగా ఉన్న కాళ్లను భార్య ఎలినార్, స్నేహితుడు లూయీ హౌ రోజూ మర్దనా చేశారు. అది సాయం కాదు, చిత్రహింస! రెండు వారాల తర్వాత, ఆగస్టు 25న, బోస్టన్ నుంచి వచ్చిన డాక్టర్ రాబర్ట్ లోవెట్ పరీక్ష చేసి అది పోలియో అని తేల్చాడు. వెంటనే మర్దనాలు ఆపించాడు. వేడినీళ్ల స్నానాలు చేయించవచ్చన్నాడు. ఎందుకంటే నేల మీద కదల్లేని కాళ్లు నీళ్లలో కాస్తయినా కదులుతాయి. అది చూసుకుంటే రోగికి ధైర్యం వస్తుంది.

(ఆయనకు వచ్చింది పోలియో కాకపోవచ్చని, గిలియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు అయ్యుండొచ్చని 2003లో కొందరు వైద్యులు వాదించారు. దీనిపై ఏకాభిప్రాయం లేదు. ఏదైనా, మనం చెప్పుకునే నీళ్ల కథకు తేడా రాదు.)

నేల మీద ఓటమి

ఆ తర్వాతి మూడేళ్లూ ఆయనకు పెద్ద యుద్ధమే. 1922 ఆరంభంలో తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి మోకాళ్లు వంగిపోయాయి. కాళ్లకు పిండికట్లు కట్టి, రోజుకు కొంచెం కొంచెంగా సాగదీశారు. ఆ తర్వాత నడుము నుంచి పాదాల దాకా ఉక్కు క్యాలిపర్లు తొడిగారు. వాటిని బిగించుకుని, చంకల కింద ఊతకర్రలు పెట్టుకుని, తమ ఇంటి నుంచి గేటు దాకా ఉన్న బాట మొత్తం నడవాలని పట్టుబట్టాడు. చెమటలు కక్కుతూ రోజూ ప్రయత్నించేవాడు. ఆ గేటును చేరటం మాత్రం ఆయన వల్ల కాలేదు.

తల్లేమో రాజకీయాలు మానేసి ఇంటిపట్టున ఉండమంది. ఎలినార్, లూయీ హౌ మాత్రం ఆయన్ను ఇంట్లో కూర్చోబెడితే మనిషి కుంగిపోతాడని భయపడ్డారు. దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ రెండు మాటలూ మీరు వినే ఉంటారు. ఒకరు విశ్రాంతి తీసుకోమంటారు, ఇంకొకరు కదలమంటారు. ఇద్దరిదీ ప్రేమే.

ఈ మూడేళ్లలో ఆయన ఒక విషయం గమనించాడు. పొరుగునే ఉన్న ఒక మిత్రుడి ఇంటి ఈతకొలనులో దిగినప్పుడు, ఫ్లోరిడాలో పడవ ఇంట్లో ఉంటూ వెచ్చటి సముద్రంలో ఈదినప్పుడు కాళ్లు తేలికగా అనిపించేవి. చన్నీళ్లలో అయితే కాసేపటికే కండరాలు బిగుసుకుపోయేవి. వెచ్చటి నీళ్లలో ఎంతసేపైనా ఉండగలిగేవాడు.

88 డిగ్రీల ఆశ

1924 వేసవిలో జార్జ్ ఫాస్టర్ పీబడీ అనే బ్యాంకర్ మిత్రుడు ఒక కబురు చెప్పాడు. దక్షిణాన జార్జియా రాష్ట్రంలో వార్మ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ పాడుబడిన హోటల్, దాని పక్కనే ఊటనీళ్ల కొలను. పోలియోతో కాళ్లు పడిపోయిన ఒక కుర్రాడు అందులో రోజూ ఈదుతూ చేతికర్ర సాయంతో నడిచే స్థితికి వచ్చాడట. రూజ్‌వెల్ట్ ఆలస్యం చెయ్యలేదు. ఆ అక్టోబరులోనే వెళ్లి కొలనులో దిగాడు.

ఇక్కడ మీరు ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలి. ఆ నీళ్ల వేడి ఏడాది పొడవునా 88 డిగ్రీల ఫారన్‌హీట్. అంటే సుమారు 31 డిగ్రీల సెల్సియస్. మన ఒంటి వేడి కంటే తక్కువే! పైన్ పర్వతం మీద కురిసిన వాన భూమి లోపలికి వేల అడుగులు ఇంకి, అక్కడి వేడికి కాగి, తిరిగి పైకి ఉబికి వచ్చేసరికి గోరువెచ్చగా మారుతుంది. పొగలు కక్కే నీళ్లు కావవి. దిగితే చలి వెయ్యదు, వేడికి నీరసం రాదు. గంటల తరబడి ఉండొచ్చు. 

ఆ నీళ్లలో నిలబడి చూసుకుంటే, మూడేళ్లుగా చలనం లేని కాళ్లలో ఏదో జీవం వచ్చినట్టనిపించింది. గుండెల దాకా నీళ్లున్నచోట క్యాలిపర్లు లేకుండానే నిలబడి, అడుగులు వెయ్యగలిగాడు. నేల మీద ఆయన్ను నిలబెట్టటానికి ఇనుము కావాల్సి వచ్చింది. ఇక్కడ నీళ్లే నిలబెట్టాయి. మూడు వారాలు ఉన్నాడు. ఇదే తనను నడిపిస్తుందని గట్టిగా నమ్మాడు.

నీళ్లలో అసలేం జరిగింది?

ఇందులో మంత్రం ఏమీ లేదు. నాలుగు సంగతులు ఉన్నాయి.

మొదటిది బరువు తగ్గటం. నడుము దాకా నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. మెడ దాకా ఉంటే పదో వంతే ఉంటుంది. 70 కిలోల మనిషి మోకాళ్లు అప్పుడు మోసేది ఏడెనిమిది కిలోలే. నేల మీద ఒక్క అడుగుకే విలవిల్లాడే కీళ్లు నీళ్లలో పది అడుగులు వేయనిస్తాయి.

రెండోది వెచ్చదనం. వేడి తగిలితే రక్తనాళాలు విప్పారి రక్తప్రసారం పెరుగుతుంది. నొప్పికి బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. చర్మం నుంచి వెళ్లే వెచ్చటి స్పర్శ సంకేతాలు నొప్పి సంకేతాల జోరును కాస్త తగ్గిస్తాయి. దెబ్బ తగిలినచోట మనం వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, అలాంటిదే.

మూడోది ఒత్తిడి. నీళ్లు అన్ని వైపుల నుంచీ ఒంటిని మెత్తగా అదుముతాయి. కాళ్లలో చేరిన వాపు కాస్త దిగుతుంది.

నాలుగోది ప్రతిఘటన. నీళ్లలో కాలు కదపాలంటే వాటిని తోసుకుంటూ వెళ్లాలి. అందుకే బరువులు ఎత్తకుండానే కండరానికి వ్యాయామం అందుతుంది. పట్టు తప్పి పడిపోతామన్న భయం కూడా తక్కువ.

జాగ్రత్తగా చూడండి. వీటిలో ఏదీ చచ్చిపోయిన నరాల కణాలను బతికించదు. అరిగిపోయిన మృదులాస్థిని పెంచదు. పోలియోలో కొన్ని నరాలు పూర్తిగా దెబ్బతింటాయి, కొన్ని మిగులుతాయి. ఆ మిగిలినవాటితో పనిచేసే కండరాలను గుర్తించి, వాటికి బలం పెంచటానికి నీళ్లు ఒక చోటు చూపించాయి. అంతే! పనిచేసింది నీళ్లలో పడుకోవటం కాదు, నీళ్లలో కదలటం.

డాక్టర్ కాని డాక్టర్

ఆ అక్టోబరులోనే అట్లాంటా పత్రిక ఒకటి ఆయన ఈత వైద్యం గురించి పెద్ద కథనం వేసింది. 1925 వసంతంలో ఆయన మళ్లీ వెళ్లేసరికి, పిలవకుండానే పోలియో బాధితులు అక్కడికి చేరుకోవటం మొదలైంది. రైల్లో ఎవరో ఎత్తి దింపితే తప్ప దిగలేనివాళ్లు కూడా ఉన్నారు. అక్కడ సరైన వైద్యుడు లేడు, ఏర్పాట్లు లేవు. హోటల్లో దిగిన మిగతా అతిథులేమో ఆ జబ్బు తమకూ అంటుకుంటుందని గొడవ పెట్టారు. దాంతో రూజ్‌వెల్ట్ వాళ్లకు వేరుగా భోజనాల గది, వేరుగా కొలను ఏర్పాటు చేయించాడు. వాళ్లతో పాటు నీళ్లలోకి దిగి, కాలు ఎలా కదపాలో తానే చేసి చూపించేవాడు. ఏ కండరం ఎంత పనిచేస్తోందో రాసి పెట్టేవాడు. అందరూ సరదాగా డాక్టర్ రూజ్‌వెల్ట్ అని పిలవటం మొదలుపెట్టారు.

1926లో ఆయన ఆ హోటల్‌ను, కొలనులను, చుట్టూ ఉన్న వెయ్యి ఎకరాలకు పైగా భూమిని కొనేశాడు. దాదాపు 2 లక్షల డాలర్లు. తన సొంత ఆస్తిలో అది మూడింట రెండు వంతులు! అయిదుగురు పిల్లలున్న ఇల్లు. వాళ్ల చదువులేం కావాలని ఎలినార్ కంగారుపడింది. ఆ కంగారు ఎంత సహజమో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. ఒక వైద్యం మీద నమ్మకంతో పొలమో బంగారమో అమ్ముకున్న కుటుంబాలు మనకూ కొత్త కాదు.

అయితే రూజ్‌వెల్ట్ ఇక్కడ ఒక మంచి పని చేశాడు. తన నమ్మకం దగ్గరే ఆగిపోలేదు. లెరాయ్ హబ్బర్డ్ అనే ఎముకల వైద్యుణ్ని, హెలెనా మహోనీ అనే ఫిజియోథెరపిస్టును రప్పించాడు. 23 మంది రోగులను కొన్ని నెలల పాటు పరిశీలించి, ఆ వివరాలను ఆర్థోపెడిక్ వైద్యుల సంఘం ముందు పెట్టించాడు. వాళ్లలో మెరుగుదల కనిపించింది. ఇప్పటి లెక్కల్లో అది చిన్న పరిశీలనే. కానీ నలుగురు చెప్పారని నమ్మటానికి, కొలిచి చూడటానికి చాలా తేడా ఉంది. 1927లో జార్జియా వార్మ్ స్ప్రింగ్స్ ఫౌండేషన్ పేరుతో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చాడు.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. అప్పటి జార్జియాలో వర్ణ వివక్ష చట్టాలు అమలులో ఉండేవి. నల్లజాతి వాళ్లు అక్కడ పనివాళ్లుగా ఉండేవారు తప్ప, రోగులుగా ఆ కొలనులో దిగనిచ్చేవారు కాదు. విమర్శలు పెరిగాక 1941లో అలబామాలోని టస్కీగీలో వాళ్ల కోసం వేరే పోలియో కేంద్రం తెరిచారు.

నడక రాలేదు.. మనిషి నిలబడ్డాడు

మరి రూజ్‌వెల్ట్ నడిచాడా? లేదు. సొంతంగా, ఏ సాయం లేకుండా ఆయన మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

కానీ నీళ్లలో గడిపిన ఆ కాలం వృథా కాలేదు. నడుము, పిరుదులు, భుజాల కండరాలు బలపడ్డాయి. వాటి ఆసరాతో మహోనీ ఆయనకు ఒక పద్ధతి నేర్పింది. కాళ్లకు క్యాలిపర్లు బిగించి, ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో పక్క మనిషి మోచేతిని పట్టుకుని, నడుము ఊపుతో ఒక్కో కాలినీ ముందుకు వెయ్యటం. 1924లో పార్టీ మహాసభలో ఆయన ఊతకర్రల మీద వేదిక ఎక్కాడు. 1928లో హ్యూస్టన్ సభకు వచ్చేసరికి ఊతకర్రలు లేవు. చేతికర్ర, మరో పక్క కొడుకు ఎలియట్ చెయ్యి. చూసినవాళ్లకు ఆయన కుంటుతూ నడుస్తున్న మనిషిలా కనిపించాడు తప్ప, కాళ్లు పడిపోయిన మనిషిలా కనిపించలేదు.

ఆ ఏడాదే న్యూయార్క్ గవర్నర్ పదవికి నిలబడమని పార్టీ ఒత్తిడి తెచ్చింది. వార్మ్ స్ప్రింగ్స్‌లో ఇంకొంత కాలం ఉంటే నడక వస్తుందన్న ఆశ ఆయనకు ఇంకా ఉంది. ఎటు మొగ్గాలి? చివరికి పోటీకే ఒప్పుకున్నాడు, గెలిచాడు. 1932లో దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. పూర్తిగా బాగైన తర్వాతే పనిలో పడదామని ఆగి ఉంటే, ఆ రోజు ఎప్పటికీ వచ్చేది కాదు. నొప్పి పూర్తిగా పోయాక నడక మొదలుపెడదాం, వాపు పూర్తిగా తగ్గాక ఊరికి వెళదాం అని వాయిదా వేస్తున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఆయన జీవితంలో ఈ మలుపు గురించి తప్పకుండా చెప్పండి.

నీళ్లను మాత్రం ఆయన వదల్లేదు. 1933లో ప్రజలు చందాలు వేసుకుని వైట్‌హౌస్‌లో ఆయన కోసం వెచ్చటి నీళ్ల ఈతకొలను కట్టించారు. వార్మ్ స్ప్రింగ్స్‌లో చిన్న ఇల్లు కట్టుకుని, జీవితంలో 40 సార్లకు పైగా అక్కడికి వెళ్లాడు.

నీళ్లకు అందని జబ్బు

ఈ కథలో ఇంకో పాఠం ఉంది. అందరి దృష్టీ ఆయన కాళ్ల మీదే ఉండిపోయింది. లోపల రక్తపోటు పెరుగుతూ వచ్చింది. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూన్ అనే యువ గుండె వైద్యుడు పరీక్షిస్తే బీపీ 186/108 ఉంది. గుండె పెరిగి, బలహీనపడింది. ఆ రోజుల్లో బీపీని అదుపు చేసే మంచి మందులు లేవు. 1945 ఏప్రిల్ 12న, తాను ప్రేమించిన వార్మ్ స్ప్రింగ్స్‌లోనే, ఒక చిత్రకారిణి బొమ్మ గీస్తుండగా తల వెనక తీవ్రమైన నొప్పితో ఒరిగిపోయాడు. మెదడులో రక్తస్రావం. 63 ఏళ్లకే చనిపోయాడు.

ఇవాళ మీకు మందులున్నాయి. రెండు నిమిషాల్లో బీపీ చూసే పరికరం చాలా ఇళ్లలో ఉంది. మోకాళ్ల నొప్పి మనల్ని రోజూ పలకరిస్తుంది కాబట్టి పట్టించుకుంటాం. బీపీ పలకరించదు. కాపడం పెట్టుకునేవాళ్లు బీపీ మాత్ర మర్చిపోకూడదు.

ఆ కొలను మీ ఇంటి దాకా వచ్చింది!

వార్మ్ స్ప్రింగ్స్‌కు నిధుల కోసం 1934 నుంచి రూజ్‌వెల్ట్ పుట్టినరోజున దేశమంతా విందులు, నృత్యాలు జరిపి చందాలు పోగు చేసేవారు. ఆ ప్రయత్నమే 1938లో పోలియోపై పోరాడే జాతీయ సంస్థగా మారింది. తలా ఒక డైమ్, అంటే పది సెంట్ల నాణెం పంపమంటే లక్షల కొద్దీ నాణేలు వైట్‌హౌస్‌కు వచ్చి పడ్డాయి. ఆ డబ్బుతోనే జోనస్ సాక్ పోలియో టీకా పరిశోధన సాగింది. ఆ టీకా పనిచేస్తోందని ప్రకటించింది 1955 ఏప్రిల్ 12న. సరిగ్గా రూజ్‌వెల్ట్ పదో వర్ధంతి రోజు. ఆల్బర్ట్ సేబిన్ చుక్కల టీకా పరిశోధనకు కూడా ఆ సంస్థ సాయం చేసింది. పల్స్ పోలియో ఆదివారాల్లో మీరు మీ పిల్లల నోట్లో వేయించిన ఆ రెండు చుక్కలు అవే. 2014లో మన దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. పోలియోను నీళ్లు ఓడించలేదు, టీకా ఓడించింది. కానీ ఆ టీకా దాకా తీసుకెళ్లిన దారి ఆ కొలను దగ్గరే మొదలైంది.

మీ ఇంట్లో ఎలా?

ఇప్పుడు మన బకెట్ దగ్గరికి వద్దాం. మోకాళ్లు, తుంటి కీళ్లు అరిగినవాళ్లలో వెచ్చటి నీళ్లలో చేసే వ్యాయామంతో నొప్పి, ఇబ్బంది కొంతమేర తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా బాధితులకూ ఉపయోగమే. అయితే ఆపేస్తే ఫలితం పోతుంది. మందుల స్థానంలో కాదు, మందులతో పాటుగా దీన్ని వాడుకోవాలి.

* ఎంత వేడి: ఫిజియోథెరపీ కొలనుల్లో సాధారణంగా 33 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ ఉంచుతారు. ఇంట్లో కాళ్లూ చేతులూ నానబెట్టుకోవటానికి 38-40 డిగ్రీలు చాలు. అంతకు మించొద్దు. మోచేయి ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

* ఎంతసేపు: 15-20 నిమిషాలు చాలు. ముందూ తర్వాతా ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి.

* నానాక కదలండి: ఇదే అసలు కిటుకు. వేడితో కండరాలు వదులైన ఆ పావుగంటా బంగారం లాంటి సమయం. అప్పుడు టీవీ ముందు కూర్చుంటే సగం ఫలితం పోయినట్టే. చేతివేళ్ల నొప్పులుంటే నీళ్లలోనే పిడికిలి మూసి తెరుస్తూ పదిసార్లు చెయ్యండి. మోకాళ్ల నొప్పులుంటే స్నానం చేశాక కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ నిటారుగా చాపి అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. పాదాలు, మడమల నొప్పి ఉంటే బకెట్‌లోనే పాదాన్ని పైకీ కిందికీ ఆడించండి.

* ఉదయం బిగుసుకుపోతుంటే: కీళ్లవాతం ఉన్నవాళ్లకు లేవగానే కీళ్లు పట్టేస్తాయి. వేడినీళ్ల స్నానం ముందే చేసేసి, ఆ తర్వాత ఇంటి పనిలో పడితే తేలిగ్గా ఉంటుంది.

* ఉప్పు సంగతి: ఎప్సమ్ సాల్ట్ వేసుకుంటే తప్పేం లేదు. కానీ అది చర్మం గుండా లోపలికి దిగి నొప్పిని లాగేస్తుందనటానికి గట్టి ఆధారాలు లేవు. మేలు చేసేది ప్రధానంగా వెచ్చదనమే.

* కొలను దొరికితే: మీ అపార్ట్‌మెంట్లో ఈతకొలను ఉంటే, ఎండాకాలం మధ్యాహ్నం దాటాక నీళ్లు వెచ్చగా ఉంటాయి. ఈత రాకపోయినా ఫర్వాలేదు. నడుము లోతులో, పక్కన ఒకరు తోడుండగా, గోడ పట్టుకుని నడవండి. చలి వేస్తే వచ్చెయ్యండి.

వీళ్లు మాత్రం జాగ్రత్త

* మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు. కాలుతున్నా తెలియదు. చిన్న బొబ్బే పెద్ద పుండుగా మారి కాలికే ముప్పు తేవచ్చు.

* గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వేడినీళ్లలో ఒళ్లంతా మునిగేలా కూర్చోవద్దు. వేడికి రక్తనాళాలు విప్పారి బీపీ పడిపోతుంది. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

* కీలు ఎర్రగా, వేడిగా ఉబ్బి ఉన్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు, పుండ్లు, చర్మం ఇన్ఫెక్షన్లు ఉన్నప్పుడు కాపడం వద్దు.

* ఒక కాలి పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి చేస్తుంటే రక్తం గడ్డ కావచ్చు. నానబెట్టటం, మర్దనా చెయ్యటం వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

* ఇంట్లో పెద్దవాళ్లుంటే స్నానాల గదిలో జారని చాప, పట్టుకునే కడ్డీ, కూర్చోవటానికి పీట పెట్టించండి. తడి నేల మీద జారి తుంటి ఎముక విరిగితే నొప్పి తగ్గించుకోబోయి మంచాన పడ్డట్టవుతుంది.

రేపు ఉదయం మీ అమ్మగారికో నాన్నగారికో వేడినీళ్లు తోడి ఇచ్చినప్పుడు, నొప్పి మాయం కావాలని ఎదురుచూడకండి. ఆ నీళ్లు ఇచ్చేది ఒక పావుగంట వెసులుబాటు. ఆ పావుగంటలో కుర్చీ పక్కన కూర్చుని, కాలు చాపటం, దించటం వాళ్లతో పాటు మీరూ చెయ్యండి. రూజ్‌వెల్ట్ వార్మ్ స్ప్రింగ్స్‌లో తోటి రోగులకు చేసింది కూడా అదే. వాళ్లతో పాటు తనూ నీళ్లలోకి దిగాడు.